ట్యాంకు నిండితే కూత: తొమ్మిదో తరగతి పిల్లలు కట్టిన ఒక అలారం

మా బడికి అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసి చూసే గది) సామాను దిగిన రోజున అందరం కలిసి మొదట విప్పింది ఎలక్ట్రానిక్స్ ఉండే పీ1 పెట్టెనే. ఆర్డుయినో బోర్డులు (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్లు), సెన్సర్లు, బుల్లి మోటార్లు, రంగురంగుల జంపర్ తీగలు. పిల్లల కళ్ళు వాటి మీంచి కదల్లేదు, నావీ కదల్లేదు. కొలత టేపు, కరెంటు కొలిచే మల్టీమీటరు, డ్రిల్లు, స్క్రూడ్రైవర్లు ఉండే పీ3 పెట్టె విప్పింది రెండు నెలల తర్వాత, అదీ గదిలో చోటు చాలక. ఆ వరస ఎంత తప్పో తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

నేను నరసరావుపేట చుట్టుపక్కల ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ టీచర్ని, ల్యాబ్ ఇన్‌ఛార్జిని కూడా. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ ఒక్కో బడికి ఇచ్చేది 20 లక్షలు. అందులో 10 లక్షలు ల్యాబ్ ఏర్పాటుకు, మిగతా 10 లక్షలు అయిదేళ్ళ వరకు దాన్ని నడపడానికి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో అయిదేళ్ళలో మరో 50,000 ప్రభుత్వ బళ్ళకు ఈ ల్యాబులు ఇస్తామన్నారు. అంటే ఇంకా చాలా చోట్ల పీ1 పెట్టె మొదట విప్పబోతున్నారన్నమాట. ఇది రాయడానికి కారణం అదే.

మొదటి ఏడాది మా పిల్లలు నాలుగు ప్రాజెక్టులు చేశారు: దగ్గరికెళ్తే మూత తెరుచుకునే స్మార్ట్ డస్ట్‌బిన్, అడ్డు వస్తే పక్కకు తిరిగే బండి, చీకటి పడితే వెలిగే వీధి దీపం, చూపు లేనివాళ్ళకు చప్పుడు చేసే చేతికర్ర. ఏ జిల్లాలో ఏ సైన్స్ ఫెయిర్‌కి వెళ్ళినా ఈ నాలుగూ కనిపిస్తాయి. కిట్‌లో అల్ట్రాసోనిక్ సెన్సరు (చెవికి వినపడని ధ్వనితో దూరం కొలిచేది) ఉంది కాబట్టి డస్ట్‌బిన్, వెలుతురు సెన్సరు ఉంది కాబట్టి వీధి దీపం. మా డస్ట్‌బిన్ చూసి ఆరో తరగతి పిల్ల ఒకతి అడిగింది: "టీచర్, మన బళ్ళో ఏ బుట్టకీ మూత లేదు గదా, దీనికెందుకు?" నా దగ్గర సమాధానం లేదు.

బీరువాకు తాళం

రెండో ఏడాది జులైలో కిట్లున్న బీరువాకు తాళం వేసి తాళంచెవి హెచ్.ఎం. సార్ సొరుగులో పెట్టించాను. తొమ్మిదో తరగతిలో ముందుకొచ్చిన అయిదుగురికి, ముగ్గురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు, ఒక నోటుబుక్కు, టేపు, నా పాత చేతి గడియారం ఇచ్చాను. మూడు వారాలు బడి చుట్టూ తిరిగి ఏ పని ఎక్కడ ఇబ్బంది పెడుతోందో రాసుకు రమ్మన్నాను. షరతు ఒక్కటే: రాసిన ప్రతి సంగతికీ సమయం, చోటు, ఒక అంకె ఉండాలి. "ఇబ్బందిగా ఉంది" అని రాస్తే కొట్టేస్తాను.

వాళ్ళకిది నచ్చలేదు. ల్యాబ్ అన్నారు, తీరా వస్తే టేపు ఇచ్చారు అని ఒకడి మొహం మాడిపోయింది. చేనేత పనికి యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారి సంగతి చెప్పాను. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి అమర్చాలంటే, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. అలా తిప్పి తిప్పి భుజాలు పట్టేసిన అమ్మను చూసి మొదలుపెట్టిన యంత్రం 1999కి పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. అమ్మ భుజం నొప్పి ముందు, మోటారు తర్వాత. విన్నారు గానీ మొహాలు మారలేదు. పద్మశ్రీ కథలు పిల్లల మీద పెద్దవాళ్ళు అనుకున్నంత పనిచెయ్యవు.

మొదటి వారం రాతలు పేలవంగా ఉన్నాయి. రెండో వారంలో కాస్త నయం: భోజనం తర్వాత పళ్ళాలు కడిగే పంపు దగ్గర వరస, సైకిల్ స్టాండులో రోజుకెన్ని పంక్చర్లు. మూడో వారం ఒకమ్మాయి పుస్తకంలో ఈ వాక్యం ఉంది: "మధ్యాహ్నం 2.20, ఆడపిల్లల బాత్రూమ్. పంపులో నీళ్ళు లేవు. 12 మంది వెనక్కి వచ్చారు." కింద మరుసటి రోజుది, ఆ తర్వాతి రోజుది. అలాగే రాస్తూ పోయి లెక్క తీస్తే 16 పనిదినాల్లో 11 రోజులు అదే వరస.

ఆరేళ్ళుగా ఆ బళ్ళో పనిచేస్తున్నా నాకా సంగతి తెలియదు. స్టాఫ్ బాత్రూమ్‌కి ట్యాంకు వేరు. మధ్యాహ్నం నీళ్ళుండవని కొందరు పిల్లలు పొద్దున్నుంచీ మంచినీళ్ళు తాగడమే తగ్గించుకున్నారని ఆ తర్వాత మెల్లగా బయటపడింది.

నీళ్ళు ఎక్కడ ఆగాయి

బోరులో నీళ్ళు తగ్గాయేమోనని అందరం అనుకున్నాం. గడియారం వేరే మాట చెప్పింది. మేడ మీది వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు నిండడానికి 22 నిమిషాలు పడుతోంది, నిమిషానికి దాదాపు 45 లీటర్లు. బోరుకేం రోగం లేదు. మరి పొద్దున మోటారు ఎంతసేపు వేస్తున్నారు? పిల్లలు మూడు రోజులు నిలబడి చూశారు: 9, 11, 10 నిమిషాలు. ట్యాంకు సగానికి మించి నిండడం లేదు.

మోటారు వేసేది మా ఆయమ్మ. పిల్లలు నిలదీసినట్టు అడిగితే ఆమె బెదిరిపోతుందని నేను ముందే హెచ్చరించాను. ఆ భయం అనవసరం. వాళ్ళు ఆమె పక్కన కూర్చుని చిక్కుళ్ళు వలుస్తూ అడిగారట. ట్యాంకు పొర్లిన నీళ్ళు ఆఫీసు గది పక్క రేకుల మీద పడి రిజిస్టర్లు తడిశాయి, రెండుసార్లు మాట పడింది. ఆమె పనిచేసే వంటషెడ్డు నుంచి ట్యాంకు కనపడదు. అందుకని పది నిమిషాలకే అంచనాగా మోటారు కట్టేస్తోంది. మధ్యాహ్నం పంపు ఎండిపోవడానికి మూలం ఆ రెండు చీవాట్లు.

ఇక్కడ సమస్య ఒక్క వాక్యానికి దిగింది: ట్యాంకు నిండిందని వంటషెడ్డులో ఉన్న మనిషికి తెలియాలి. పిల్లలు మాత్రం అట్ట మీద "ఆటోమేటిక్ వాటర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్" అని స్కెచ్ పెన్నుతో రాసుకొచ్చారు. తాళంచెవి తెచ్చాను.

అల్ట్రాసోనిక్‌తో ఆరు వారాలు

వాళ్ళ మొదటి ఆలోచన నేనూ ఊహించిందే. ట్యాంకు మూతకు హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సరు తగిలిస్తారు. అది 40 కిలోహెర్ట్జ్ ధ్వని కిందికి పంపుతుంది, నీళ్ళకు తగిలి ప్రతిధ్వని తిరిగొచ్చేసరికి ఎన్ని మైక్రోసెకన్లయిందో ఆర్డుయినో లెక్కపెడుతుంది. దాన్ని 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. దూరం తగ్గితే ట్యాంకు నిండినట్టు, అప్పుడు రిలే (తీగచుట్ట, అంటే కాయిల్‌లో కొద్ది కరెంటు పోతే పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్) మోటారును ఆపేస్తుంది. బకెట్ మీద పెడితే చక్కగా పనిచేసింది, చప్పట్లు కొట్టుకున్నాం.

రిలే దగ్గర నేను అడ్డం పడ్డాను. ఆ మాడ్యూల్ మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 5, 6 ఆంపియర్లు లాగినా, స్టార్టయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు రిలే కాంటాక్టులు అతుక్కుపోతే మోటారు ఆగదు, ట్యాంకు పొర్లుతూనే ఉంటుంది. అంతకన్నా ముందు, 230 వోల్టుల తీగ దగ్గర పద్నాలుగేళ్ళ పిల్లల చేతులు ఉండకూడదు. మా ల్యాబ్ గోడ మీద అప్పటి నుంచి ఒక వాక్యం ఉంది: 12 వోల్టులు దాటితే కరెంటు మేస్త్రిని పిలవాలి.

ట్యాంకు మీదికెక్కించాక అసలు తిప్పలు మొదలయ్యాయి. ఆ సెన్సరు శబ్దం సన్నటి గీతలా పోదు, 15 డిగ్రీల మేర విచ్చుకుంటుంది. పైపులోంచి పడే నీటి ధారకు తగిలి వెనక్కొస్తోంది. దాన్ని ధారకు దూరంగా జరిపి, అయిదు రీడింగులు తీసి వరసలో మధ్యది తీసుకునేలా ప్రోగ్రామ్ మార్చారు. అది కుదిరింది.

తర్వాత వింత మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి సెన్సరు చెప్పే దూరం, టేపు చెప్పే దూరం ఒకటే. మధ్యాహ్నం రెండింటికి టేపు 100 సెంటీమీటర్లంటే సెన్సరు 96 అంటోంది. ఎండకు టేపు సాగిందేమో అన్నాడొకడు. ఆ మాటను నేను కొట్టిపారెయ్యలేదు, నీడలో ఉన్న ఇంకో టేపుతో పోల్చి చూడమన్నాను. టేపు సాగలేదు. అప్పుడు తొమ్మిదో తరగతి ధ్వని పాఠం తీశాం. గాలిలో ధ్వని వేగం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు. 58తో భాగించడమంటే ధ్వని వేగం సెకనుకు 345 మీటర్లని అనుకోవడమే. పొద్దున 25 డిగ్రీల దగ్గర అది 346, సరిపోయింది. నల్ల ట్యాంకు లోపల మధ్యాహ్నం థర్మామీటరు 45 చూపించింది, అక్కడ వేగం 358. ధ్వని త్వరగా తిరిగొచ్చింది కాబట్టి దూరం తక్కువనిపించింది. లెక్క వేస్తే సరిగ్గా 96 వచ్చింది. ఆ రోజు బోర్డు మీద ఆ అంకె పడగానే గదిలో పుట్టిన అరుపు నాకింకా చెవుల్లో ఉంది.

ఆ సంబరంలో వారం రోజులు వాళ్ళతో ఉష్ణోగ్రత సవరణ ప్రోగ్రామ్ రాయించాను. ఆ తర్వాత ఒకమ్మాయి నెమ్మదిగా అడిగింది: "టీచర్, ట్యాంకు నిండినప్పుడు దూరం 20 సెంటీమీటర్లే గదా. అందులో నాలుగు శాతమంటే ఒక సెంటీమీటరు కూడా కాదు. ఖాళీగా ఉన్నప్పుడు తప్పు చెబితే మనకేం?" నిజమే. తప్పు ఎక్కువగా ఉండే చోట ఆ తప్పుతో ఎవరికీ పని లేదు. ఆ వారం పాఠానికి పనికొచ్చింది, ట్యాంకుకు పనికిరాలేదు. సరదా నాది, శ్రమ వాళ్ళది.

ట్యాంకుకు నిజంగా అడ్డుపడింది మంచు చెమ్మ. పొద్దున్నే సెన్సరు జాలీ మీద నీటి బొట్లు పట్టి దూరం 3 సెంటీమీటర్లని చెప్పేది. అంటే ఖాళీ ట్యాంకును నిండిందనేది. రెండు వారాలకు జాలీ తుప్పు పట్టింది. మార్చి పెట్టిన రెండోదీ అంతే.

"కూత వినపడితే చాలమ్మా"

అప్పటికి ఆరు వారాలు. పిల్లలు మళ్ళీ ఆయమ్మ దగ్గరికెళ్ళి అసలు నీకేం కావాలి అని అడిగారు. ఈ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది, అడిగించాల్సింది నేను. ఆమె జవాబు: "కూత వినపడితే చాలమ్మా. మోటారు నేను కట్టేస్తాగా."

దూరం కొలవక్కర్లేదు, మోటారును ఆపక్కర్లేదు. నిండిందా లేదా, అంతే. నీళ్ళలో రెండు తీగలు ముంచి పెడదామని ఒకడన్నాడు. పెట్టారు. పది రోజులకు ఒక తీగ పచ్చబడి సగానికి సగం సన్నబడింది. విద్యుత్ విశ్లేషణ పాఠం కళ్ళ ముందు జరిగింది, అలారం మాత్రం మూగబోయింది. నీళ్ళకు కరెంటు తగలకుండా చెయ్యాలని అందరికీ అర్థమైంది.

అలా వచ్చింది తేలే సీసా. ట్యాంకు లోపల నిలువుగా 63 మి.మీ. పీవీసీ పైపు, అందులో గట్టిగా మూత బిగించిన ఖాళీ షాంపూ సీసా, సీసాలో అయస్కాంతం. పైపు పైకొసకు బయటివైపు రీడ్ స్విచ్: గాజు గొట్టంలో రెండు సన్నటి ఇనుప రేకులు, అయస్కాంతం దగ్గరికొస్తే అంటుకుంటాయి, దూరమైతే విడిపోతాయి. మొదట పైపు పైన మూత బిగించేశారు. గాలి పోయే దారి లేక నీళ్ళు పైపులోకి ఎక్కలేదు, రంధ్రం పెట్టాక ఎక్కాయి. సీసా ఎంత మునుగుతుందో ముందే లెక్క వేయమన్నాను. అడుగు వ్యాసం 5 సెంటీమీటర్లు, వైశాల్యం దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు, అయస్కాంతంతో కలిపి బరువు 40 గ్రాములు. 2 సెంటీమీటర్లు మునగాలి. బకెట్లో వేసి స్కేలు పెట్టి చూశారు, రెండే.

హారన్ కథ కూడా చెప్పాలి. వంటషెడ్డు దాకా వినపడాలని పాత బండి హారన్ తెచ్చి, చచ్చిపోయిన కంప్యూటర్ యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల బ్యాటరీకి, రీడ్ స్విచ్‌కు నేరుగా కలిపారు. బకెట్‌తో వరండాలో పరీక్ష. సీసా లేచింది, హారన్ మోగింది. సీసా దించారు, హారన్ ఆగలేదు. ఆ స్విచ్ మోయగలిగింది అర ఆంపియరు, హారన్ లాగింది రెండు. రేకులు అతుక్కుపోయాయి. పక్క గదిలో పదో తరగతి స్లిప్ టెస్ట్ జరుగుతోంది. బ్యాటరీ తీగ పీకేసరికి హెచ్.ఎం. సార్ గుమ్మంలో ఉన్నారు. ఆయన ఏమీ అనలేదు. "వినపడుతోందమ్మా, బాగా వినపడుతోంది" అని వెళ్ళిపోయారు.

ఇక్కడ ప్రోగ్రామ్ రాసిన అబ్బాయి గురించి చెప్పాలి. డెబ్బై లైన్లు రాశాడు, సీసా వచ్చాక వాటితో పని లేకుండా పోయింది. రెండు శనివారాలు ల్యాబ్‌కి రాలేదు. మంచి పరిష్కారం దొరికిందన్న హడావిడిలో వాడి మొహం నేను చూడలేదు. ఇంటికి పోయి మాట్లాడితే ముందు ఏమీ చెప్పలేదు, చివరికి "నాది వేస్టయింది గదా టీచర్" అన్నాడు. దానికి పెద్ద సమాధానం ఏమీ చెప్పలేకపోయాను. హారన్ ఎందుకు అతుక్కుందో నువ్వొచ్చి చూడు అన్నాను, వచ్చాడు.

దారి కనుక్కున్నది వాడే. మేడ నుంచి కిందికి పోయి రావడానికి 70 మీటర్ల సన్న టెలిఫోన్ తీగ పడుతుంది. మల్టీమీటరుతో కొలిస్తే 6 ఓములు. హారన్ రెండు ఆంపియర్లు ఆ తీగలోంచి పోవాలంటే 12 వోల్టులూ తీగలోనే ఖర్చవుతాయి, హారన్‌కు మిగిలేది సున్నా. కాబట్టి పైకి పోయే తీగలో కొద్ది కరెంటే ఉండాలి. 400 ఓముల కాయిల్ ఉన్న 12 వోల్టుల రిలేను కింద పెట్టారు. మేడ మీది స్విచ్‌లోంచి పోయేది 30 మిల్లీ ఆంపియర్లు, హారన్ భారం కిందనే ఉన్న రిలే మోస్తుంది. కాయిల్ ఆగినప్పుడు కొట్టే వోల్టేజి దెబ్బకు అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడు. ఓమ్ నియమం వాళ్ళకు పదో తరగతిలో వస్తుంది. వీడికి ఏడాది ముందే వచ్చింది.

మోటారు స్టార్టరు పక్కన ఒక చిన్న స్విచ్ పెట్టారు. ఆయమ్మ మోటారు వేస్తే అదీ వేస్తుంది, కూత వస్తే రెండూ కట్టేస్తుంది. మర్చిపోకుండా దానికి ఎర్ర రిబ్బను ముక్క కట్టారు. కొన్న వస్తువులకు అయిన ఖర్చు 640 రూపాయలు. మొత్తం వస్తువులో పీ1 పెట్టెలోది ఒక్కటీ లేదు.

లెక్క ఏం చెప్పింది

పెట్టిన తర్వాత 24 పనిదినాలు అదే అమ్మాయి అదే 2.20కి పంపు తిప్పి రాసింది. నీళ్ళు లేనివి రెండు రోజులు. ఒకటి కరెంటు పోయిన రోజు, ఇంకోటి ఆయమ్మ సెలవు పెట్టిన రోజు. రెండోదాన్ని మేం సరిచెయ్యలేదు. ఆమె రాని రోజున మోటారు ఎవరి పని అన్నది తీగలతో తేలేది కాదు, స్టాఫ్ మీటింగులో తేలాల్సింది. ఇంకా తేలలేదు.

ఒక ప్రదర్శనకు తీసుకెళ్ళాం. జడ్జి గారు సీసాను చూసి "ఇందులో టెక్నాలజీ ఏముందమ్మా? యాప్ ఏమన్నా ఉందా?" అన్నారు. మా అమ్మాయి నోటుబుక్కు తీసి 11 రోజులు, 2 రోజులు చూపించింది. ఆయన తల ఊపి పక్క టేబుల్‌కి వెళ్ళారు, అక్కడ స్మార్ట్ డస్ట్‌బిన్ ఉంది. మాకేమీ రాలేదు. ఆయన్ను తప్పుపట్టను. టేబుల్‌కి మూడు నిమిషాలే దొరికితే మనిషి మెరిసేదాన్నే చూస్తాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిల్లలే ఇంకో ప్రశ్న వేసుకున్నారు: ఇలాంటి అలారాలు బజారులో దొరుకుతాయి గదా, మనమెందుకు చేశాం? "బజారువి నీళ్ళలో తీగలు ముంచేవి, మన నీళ్ళకు ఆగవు" అంది ఒకతి. తేలే బుడగతో వచ్చేవీ ఉన్నాయని ఇంకొకడన్నాడు. వాదన ఊరొచ్చేదాకా సాగింది, తెగలేదు. బడి పిల్లల దగ్గర కొత్త ఆలోచనలు అడిగే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మనక్‌కు దీన్ని పంపకపోవడానికి కారణం అదే. వాడుకకు పనికొచ్చింది, కొత్తది మాత్రం కాదు.

రెండు నెలలకు అలారం మోగలేదు, ట్యాంకు పొర్లింది, రేకుల మీద నీళ్ళు పడ్డాయి. మా బోరు నీళ్ళు మహా గట్టివి, బిందెలకు కూడా తెల్లగా సున్నం పొర కడుతుంది. సీసాకూ పైపు గోడకూ మధ్య నాలుగు మి.మీ. సందే ఉంది, పొర పట్టి సీసా ఇరుక్కుపోయింది. పైపు మార్చి 75 మి.మీ.ది వేశారు. సందు పెరిగింది, దాంతో అయస్కాంతం స్విచ్‌కు దూరమై అందకుండా పోయింది. రెండో అయస్కాంతం అతికించారు. బరువు 60 గ్రాములైంది, సీసా 3 సెంటీమీటర్లు మునిగింది, అందుకని రీడ్ స్విచ్‌ను ఒక సెంటీమీటరు కిందికి దించారు. ఈ చివరి సంగతి నేను చెప్పలేదు. వెళ్ళేసరికి దించేసి ఉంది, పక్కన పెన్సిల్‌తో లెక్క.

ఆ అయిదుగురూ ఇప్పుడు పదో తరగతి. శనివారం సాయంత్రాలు వాళ్ళకు స్పెషల్ క్లాసులు, ల్యాబ్‌కి తీరిక లేదు. నోటుబుక్కు ఎనిమిదో తరగతి వాళ్ళ చేతికొచ్చింది. నెలకోసారి పైపు తీసి చింతపండు పులుసుతో తోమడం వాళ్ళ వంతు. వాళ్ళకప్పుడే ఒక కొత్త పేజీ ఉంది: "ఉదయం 10.40, సైకిల్ స్టాండు, ఇవాళ 3 పంక్చర్లు, మూడూ వెనక చక్రానివే." కింద ఒక ప్రశ్నార్థకం. బీరువా తాళంచెవి ఇంకా హెచ్.ఎం. సార్ సొరుగులోనే ఉంది.